సోంపూ తారూ కలిసిన రమ్: పోర్ట్ మోరాంట్‌తో నా అనుభవం

రమ్ సీసా అంటే మీద ఓడ బొమ్మో, సముద్రపు దొంగ బొమ్మో ఉండడం మామూలు. నేను కొన్న సీసా మీద అక్షరాలు తప్ప ఏమీ లేవు. దేశం గయానా, దక్షిణ అమెరికాలో ఉంది. డిస్టిలరీ డైమండ్. బట్టీ గుర్తు పి.ఎం. బట్టీ నుంచి దిగింది 2010లో, సీసాలోకి ఎక్కింది 2022లో. పీపా ఒక్కటే. ఆల్కహాల్ 58 శాతం. రంగు కలపలేదు, చక్కెర కలపలేదు, చల్లబరిచి వడకట్టలేదు. నేనుండేది ఎడిన్‌బరోలో. ఇక్కడ ఒక చిన్న షాపులో ముందు 30 మిల్లీలీటర్ల శాంపిల్ తీసుకున్నాను. అది నచ్చాక ఎనభై పౌండ్ల పైన పెట్టి పూర్తి సీసా తెచ్చుకున్నాను. దాన్ని రుచి చూడడం ఎలా నేర్చుకున్నానో, ఆ వరుసలో ఏమేం తెలిశాయో ఇక్కడ రాస్తున్నాను. రమ్ అంటే కోక్‌లో కలుపుకునేది అని మాత్రమే తెలిసినవాళ్ళకి పనికొస్తుందని నా నమ్మకం. చాలాకాలం నాకు తెలిసిన రమ్ కూడా అదే.

ఈ సీసా నింపింది ఒక ఇండిపెండెంట్ బాట్లర్. అంటే సొంతంగా రమ్ కాయని కంపెనీ. వేరేవాళ్ళు కాచిన సరుకుని పీపాల లెక్కన కొని, తన దగ్గర కొన్నేళ్ళు ఉంచి, తనకి నచ్చినప్పుడు సీసాల్లో నింపి తన పేరుతో అమ్ముతుంది. స్కాచ్ విస్కీలో ఇది పాత పద్ధతి. 1842లో అబర్డీన్‌లో మొదలైన కేడెన్‌హెడ్, 1895లో ఎల్గిన్‌లో మొదలైన గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్ ఇలాంటివే. ఆ కంపెనీల్లో కొన్ని విస్కీతో పాటు రమ్ పీపాలు కూడా కొంటూ వచ్చాయి. కరీబియన్ డిస్టిలరీలు తమ సరుకులో చాలా భాగం పెద్దమొత్తంలో యూరప్‌కి పంపుతాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఈ అండ్ ఏ షీర్, లివర్‌పూల్‌లో మెయిన్ రమ్ కంపెనీ అనే దళారీ సంస్థలు ఆ సరుకు నిల్వచేసి అమ్ముతాయి. నా సీసా నింపిన చిన్న కంపెనీ కూడా అలాంటి చోటే కొని ఉంటుంది. ఆ పీపా సముద్రం దాటి వచ్చి స్కాట్లాండ్ గోదాములో ఇన్నేళ్ళు పడుకుంది.

ఇలాంటి సీసాల్లో నాకు నచ్చేది వాటి పారదర్శకత. పెద్ద బ్రాండ్ల పని వేరు. ఏ ఏడు కొన్నా ఒకే రుచి రావాలి కాబట్టి రకరకాల బట్టీల సరుకు కలుపుతారు, 40 శాతానికి నీళ్ళు పోస్తారు, కారమెల్‌తో రంగు సరిచేస్తారు. అది తప్పని నేననను. కానీ అందులో ఏ బట్టీ ఏం చేసిందో, ఏ పీపా ఏం ఇచ్చిందో ఎంత తాగినా మనకి తెలియదు. ఒకే బట్టీ, ఒకే పీపా, ఏమీ కలపని సరుకు చేతికొస్తే అప్పుడు ప్రతి వాసనకీ ఒక కారణం వెతకొచ్చు.

సీసా తెరిచిన రోజు శనివారం. పొద్దున్నించీ మసాలా కూరలు వండకుండా చూసుకున్నాను. ఇంట్లో తాలింపు వాసన ఉంటే ముక్కు సగం పనిచేయదు. కింద బొజ్జలా ఉండి మీదకి సన్నబడే గ్లెన్‌కైర్న్ గ్లాసు తీసుకున్నాను. వాసనలు పైన మూతి దగ్గర పోగవుతాయి. 20 మిల్లీలీటర్లు పోశాను. 58 శాతం సరుకులో అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. ఆ కాస్తలోనే పదకొండు మిల్లీలీటర్ల పైన శుద్ధ ఆల్కహాల్ ఉంటుంది.

ముందు రంగు చూశాను. ఎండుగడ్డి రంగు. పన్నెండేళ్ళ రమ్ అంటే చాలామంది నల్లగా ఉంటుందనుకుంటారు. పీపా అప్పటికే రెండు మూడుసార్లు వాడింది అయితే, పైగా చల్లటి గోదాములో ఉంటే, చెక్క నుంచి రంగు పెద్దగా దిగదు. మార్కెట్‌లో కనిపించే నల్లటి రమ్‌లలో చాలా వాటికి ఆ నలుపు కారమెల్ వల్ల వచ్చిందే. రంగుని బట్టి వయసు చెప్పడం రమ్ విషయంలో కుదరదు.

గ్లాసు పోసిన వెంటనే ముక్కు పెట్టకూడదు. ఇంత ఘాటు సరుకుకి ఇరవై నిమిషాలైనా వదిలేయాలి. ఆ తర్వాత కూడా ముక్కు లోపలికి దూర్చకుండా, గ్లాసు గడ్డం దగ్గర పెట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి మెల్లగా పీల్చాలి. నోరు మూసుకుని గట్టిగా పీలిస్తే ఆల్కహాల్ మంట తప్ప ఏమీ తెలియదు, ఆ తర్వాత పావుగంట ముక్కు మొద్దుబారిపోతుంది.

మొదట వచ్చింది సోంపు. అందులో అనుమానమే లేదు, భోజనమయ్యాక నములుతాం చూడండి, అదే. దాని వెనకే అతిమధురం వేరు. దగ్గుకి చప్పరించమని అమ్మమ్మలు ఇచ్చే ఆ పుల్ల వాసన. మూడోది కొత్తగా వేసిన తారురోడ్డు. ఈ మూడూ ఒకచోట ఎలా కుదిరాయా అనిపించింది. గ్లాసు కాస్త తిప్పి, మళ్ళీ కాసేపు ఆగి పీలిస్తే ఇంకా లోపలివి బయటికొచ్చాయి. అప్పుడే చెక్కిన పెన్సిల్, పచ్చి అరటి తొక్క, మాగాయ జాడీ మూత తీస్తే వచ్చే ఉప్పటి పులుపు. బెల్లం వాసన కోసం వెతికాను. అనకాపల్లి దగ్గర పుట్టినవాడిని, క్రషర్ పక్కన పెనంలో చెరకు రసం కాగుతుంటే వచ్చే వాసన నా ముక్కులో ఎప్పుడూ ఉంటుంది. మొలాసిస్ నుంచి, అంటే చక్కెర తీశాక మిగిలే నల్లటి చిక్కటి పాకం నుంచి కాచింది కాబట్టి అదే ముందు తగులుతుందనుకున్నాను. తగలలేదు. చాలా సేపటికి, అడుగున ఎక్కడో, పెనం అంచుకి అంటుకుని మాడిన పాకంలా లీలగా తెలిసింది.

సోంపూ తారూ ఎక్కడివి? చెరకులో సోంపు లేదు, పీపాలో తారు పుయ్యలేదు. జవాబు లేబుల్ మీదున్న ఆ రెండక్షరాల్లో ఉంది. పి.ఎం. అంటే పోర్ట్ మోరాంట్. గయానాలో తూర్పు కొసన బెర్బీస్ ప్రాంతంలో ఉన్న ఒక చెరకు ఎస్టేట్ పేరు అది. అక్కడి డిస్టిలరీలో రాగి కుండలకి బదులు చెక్క బట్టీ ఉండేది. గ్రీన్‌హార్ట్ అనే గయానా అడవి చెట్టు చెక్క చాలా గట్టిది, నీటిలో నానినా త్వరగా పాడవదు, రేవుల్లో స్తంభాలకి వాడతారు. ఆ చెక్క పలకలతో రెండు పెద్ద తొట్లు కట్టి జంటగా కలిపారు. మొదటి తొట్టిలో పులిసిన మొలాసిస్ కాగుతుంది, ఆ ఆవిరి రెండో తొట్టిలోకి వెళ్ళి అక్కడి ద్రవాన్ని కాస్తుంది, అక్కడినుంచి రాగి మెడ గుండా చల్లబడే చోటికి పోతుంది. ఈ బట్టీ 1732 నాటిదని చెబుతారు. పలకలు అరిగినప్పుడల్లా మార్చుతూ వచ్చారు కాబట్టి అప్పటి చెక్క ఇప్పుడు ఎంత మిగిలిందనేది వేరే సంగతి. దాని ఆకారం, పనితీరు మాత్రం నిలబడ్డాయి.

రాగి చేసే పనేమిటంటే ఆవిరిలోని గంధకపు వాసనల్ని పట్టేసుకుంటుంది. సరుకు తేలికపడుతుంది. చెక్క ఆ పని చేయదు. అందుకే ఈ బట్టీ సరుకు బరువుగా, జిడ్డుగా, మొండిగా దిగుతుంది. సోంపూ అతిమధురమూ దీని సంతకం అని చాలామంది రుచి చూసేవాళ్ళు రాస్తుంటారు. నా గ్లాసులో కూడా సరిగ్గా అదే దొరికింది. చదివాక దొరికిందా, నిజంగానే ఉందా అని నాకు సందేహం రాకుండా ఏంచేశానో తర్వాత చెబుతాను.

పోర్ట్ మోరాంట్‌లో డిస్టిలరీ 1950ల్లోనే మూతపడింది. చెక్క బట్టీని పారేయకుండా విప్పి వేరే ఎస్టేట్‌కి తీసుకెళ్ళారు. డెమెరారా నదికి పడమట ఉన్న యూట్‌వ్లుగ్ట్‌లో చాలా ఏళ్ళు పనిచేసింది. అదీ 1999 చివర్లో మూతపడ్డాక జార్జ్‌టౌన్ దగ్గరి డైమండ్‌కి వచ్చింది. ఇప్పుడు దేశంలోని పాత బట్టీలు చాలావరకు అక్కడే, డెమెరారా డిస్టిలర్స్ కంపెనీ చేతిలో ఉన్నాయి. వెర్సైల్స్ ఎస్టేట్ నుంచి వచ్చిన ఒంటి తొట్టి చెక్క బట్టీ, ఎన్‌మోర్ ఎస్టేట్ నుంచి వచ్చిన చెక్క కాఫీ స్టిల్ (కాఫీ అనే మనిషి పేరుతో పిలిచే, ఆగకుండా కాచే నిలువు బట్టీ) కూడా అక్కడే ఉన్నాయి. ఎస్టేట్లు పోయాయి, డిస్టిలరీలు పోయాయి, పీపాల మీద గుర్తులు మాత్రం ఆ పేర్లతోనే నడుస్తున్నాయి. ఎన్‌మోర్ సరుకుకి ఈ.హెచ్.పి. అని గుర్తు, ఎడ్వర్డ్ హెన్రీ పోర్టర్ అనే పాత యజమాని పేరు అది.

యజమానుల పేర్లు పీపాల మీద మిగిలాయి. చెరకు కొట్టినవాళ్ళ పేర్లు మిగల్లేదు. ఈ విషయం చదువుతున్నప్పుడే నాకీ రమ్ మీద ఆసక్తి పెరిగింది. 1838 మే 5న విట్‌బీ, హెస్పెరస్ అనే రెండు ఓడలు కలకత్తా నుంచి కూలీలతో బ్రిటిష్ గయానా చేరాయి. బానిసత్వం రద్దయ్యాక తోటలకి మనుషులు కావాల్సి వచ్చి, ఐదేళ్ళ కట్టుబాటు కాగితం మీద మన దేశం నుంచి జనాన్ని తీసుకెళ్ళడం అప్పుడు మొదలైంది. 1917లో ఆగేసరికి దాదాపు 2,40,000 మంది వెళ్ళారు. ఎక్కువమంది భోజ్‌పురి, అవధి మాట్లాడేవాళ్ళు. మద్రాసు రేవు నుంచి వెళ్ళిన ఓడలు తక్కువే గానీ, వాటిలో తమిళులతో పాటు మన తెలుగువాళ్ళూ ఉన్నారు. గయానాలో వాళ్ళందరినీ కలిపి మద్రాసీలు అన్నారు. వాళ్ళ మారియమ్మ పూజ, తప్పెట వాద్యం బెర్బీస్ పల్లెల్లో ఈనాటికీ ఉన్నాయి. భాష మాత్రం నిలవలేదు.

పోర్ట్ మోరాంట్ తోటలో చెరకు పనిచేసిన కుటుంబంలోనే 1918లో చెడ్డీ జగన్ పుట్టాడు, తర్వాత గయానా అధ్యక్షుడయ్యాడు. క్రికెట్ తెలిసినవాళ్ళకి ఆ ఊరు ఇంకోలా తెలుసు. రోహన్ కన్హాయ్, బాసిల్ బుచర్, జో సోలమన్, ఆల్విన్ కాళీచరణ్ నలుగురూ పోర్ట్ మోరాంట్ వాళ్ళే. 1960లో బ్రిస్బేన్‌లో మొదటి టై టెస్ట్ ఆఖరి వికెట్ రనౌట్ చేసిన విసురు సోలమన్‌ది. ఇంత చిన్న తోటలోంచి ఇంతమంది ఎలా వచ్చారో! ఎన్‌మోర్ పేరు చూసినా నాకు రమ్ కన్నా ముందు 1948 జూన్ 16 గుర్తొస్తుంది. చెరకు కొట్టడంతో పాటు పడవల్లోకి ఎత్తడం కూడా కొట్టినవాళ్ళే చేయాలన్న పద్ధతి మీద సమ్మె జరుగుతుంటే పోలీసులు కాల్చారు. ఐదుగురు కూలీలు చనిపోయారు. ఈ సీసాలు అమ్మేవాళ్ళు బట్టీ వయసు గురించి పేజీలు రాస్తారు. ఈ మనుషుల గురించి రెండు వాక్యాలైనా రాయాలని నేను గట్టిగా అనుకుంటాను.

సరే, గ్లాసు దగ్గరికి వద్దాం.

మొదటి గుక్క రుచి చూడడానికి కాదు, నాలుకని సిద్ధం చేయడానికి. నాలుగైదు చుక్కలు నోట్లో వేసుకుని అటూ ఇటూ తిప్పి మింగాను. మంటే. పావు నిమిషం ఆగితే నోట్లో నీళ్ళూరతాయి, అప్పుడు రెండో గుక్క. రెండో గుక్కతో అసలు కథ మొదలైంది. నాలుక కొసన తీపి ఏమీ లేదు, పూర్తిగా పొడి. నాలుక మధ్యకి వచ్చేసరికి సోంపు ముక్కుకి తెలిసిన దానికన్నా రెట్టింపుగా విచ్చుకుంది. నూనె తాకినట్టు బుగ్గలకి పట్టింది. తర్వాత లవంగం చేదు, చెక్క వగరు. మింగాక గొంతులో ముందు వేడి, వేడి తగ్గాక ఉప్పు, ఉప్పు వెనకాల తారు. ఆ అతిమధురం చాలా సేపు పోలేదు. నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడిగి వచ్చినా నోట్లో అలాగే ఉంది.

తర్వాత నీళ్ళు. దీన్ని మాత్రం తొందరపడకుండా చేయాలి. డ్రాపర్‌తో కొలిచి పోశాను. 20 మిల్లీలీటర్ల 58 శాతం సరుకుకి 3 మిల్లీలీటర్ల నీళ్ళు పోస్తే 50 శాతానికి వస్తుంది, 5 పోస్తే 46. మొదటి చుక్క పడగానే గ్లాసుని దీపానికి ఎదురుగా పట్టుకుని చూడండి. నీళ్ళూ ఆల్కహాలూ సాంద్రత వేరు కాబట్టి పారదర్శకమైన దారాలు సుళ్ళు తిరుగుతూ కిందికి దిగుతాయి. 50 దగ్గర సోంపు కొంచెం వెనక్కి తగ్గి, నిమ్మతొక్క, తడిమట్టి వచ్చాయి. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే స్థాయి. 46 దాటి కిందికి వెళ్ళాక గ్లాసులో సన్నటి మబ్బు పట్టింది. అది చెడిపోవడం కాదు. ఆల్కహాల్‌లో కరిగి ఉన్న కొవ్వు ఆమ్లాల ఎస్టర్లు నీళ్ళు ఎక్కువైతే విడిపోయి తెల్లగా కనబడతాయి. పెద్ద కంపెనీలు ఈ మబ్బు రాకూడదనే సరుకుని చల్లబరిచి వడకడతాయి. ఆ వడపోతలో నోటికి పట్టే జిడ్డు కూడా కొంత పోతుంది. లేబుల్ మీద చల్లబరిచి వడకట్టలేదు అని రాసిన మాటకి రుజువు నా గ్లాసులోనే కనబడింది.

మా బావ విస్కీ మనిషి. స్కాట్లాండ్‌లోని ఐలా దీవిలో కాచే పొగ వాసన విస్కీలంటే ప్రాణం. ఆయన్ని పిలిచి, ఏమీ చెప్పకుండా, రెండు గ్లాసులు పెట్టాను. ఒకటి ఇది. రెండోది సూపర్ మార్కెట్‌లో దొరికే ఒక నల్ల రమ్. రంగు కనబడకుండా రెండిటికీ నల్ల టేపు చుట్టాను. చదివింది నా ముక్కుని నడిపిస్తోందా అన్న సందేహం తీర్చుకోవడానికి చదవని మనిషి కావాలి.

బావ మొదటి గ్లాసు వాసన చూసి వెనక్కి జరిగాడు. "ఇదేట్రా, రోడ్డు వేస్తున్నట్టుంది!"

"ఆగు బావా, తొందరపడకు. పది నిమిషాలు వదిలేసి మళ్ళీ చూడు."

పది నిమిషాలయ్యాక మళ్ళీ చూశాడు. "కిళ్ళీ కొట్టు. సోంపు, ఇంకేదో పుల్ల... మీ అత్త దగ్గుకిచ్చేది, దాని పేరేటి?"

"అతిమధురం."

"అదే. ఇది విస్కీ కాదు. కానీ తీపి లేదు కదా, రమ్ ఎలా అవుద్ది?"

నాకు కావాల్సింది దొరికింది. రెండో గ్లాసు తాగి బావ వెంటనే, "ఇది రమ్, వెనీలా ఉంది, హాయిగా ఉంది," అన్నాడు. దానిలో నాకూ వెనీలా, తీపి తెలిశాయి, అంతకు మించి ఎంత వెతికినా ఏమీ రాలేదు. రమ్ అంటే తీపిగా ఉండాలని మనందరికీ ఉన్న నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు చూడాలనిపించింది. కాచి దించిన ఏ సరుకులోనూ చక్కెర ఉండదు. చక్కెర ఆవిరిగా మారి బట్టీ దాటి రాదు. రమ్ బాగా తీయగా ఉందంటే చాలావరకు తర్వాత ఎవరో కలిపారని అర్థం. యూరోపియన్ యూనియన్ 2019లో చేసిన చట్టం ప్రకారం లీటరుకి 20 గ్రాముల వరకు తీపి కలిపినా దాన్ని రమ్ అనే అమ్ముకోవచ్చు. బార్బడోస్‌లో ఫోర్‌స్క్వేర్ డిస్టిలరీ నడిపే రిచర్డ్ సీల్ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి దీన్ని ఎదిరిస్తున్నారు. నేను పూర్తిగా ఆయన పక్షం. కలిపితే లేబుల్ మీద రాయాలి.

ఇంట్లో దీన్ని పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఆల్కహాల్ కొలిచే హైడ్రోమీటర్ తెచ్చుకున్నాను, సరుకులో తేలే గాజు గొట్టం అది. సరుకు 20 డిగ్రీల సెంటిగ్రేడ్‌లో ఉండాలి, అందుకోసం గిన్నెలో నీళ్ళు పోసి దాంట్లో కొలజాడీ నిలబెట్టి థర్మామీటర్‌తో చూసుకున్నాను. హైడ్రోమీటర్ నిజానికి కొలిచేది సాంద్రతని. చక్కెర కలిస్తే సాంద్రత పెరుగుతుంది, గాజు గొట్టం పైకి తేలుతుంది, ఆల్కహాల్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. సూపర్ మార్కెట్ రమ్ లేబుల్ మీద 40 ఉంటే గొట్టం 35 దగ్గర ఆగింది. ఈ ఐదు పాయింట్ల తేడాకి లీటరుకి 20 గ్రాముల దరిదాపు చక్కెర లెక్క వస్తుంది. మరి పోర్ట్ మోరాంట్? 58 అని రాసినచోట 57 దాటి నిలిచింది. ఆ కొద్ది తేడా పన్నెండేళ్ళలో పీపా చెక్క నుంచి దిగిన పదార్థాలది కావచ్చు. కొలిచాక మళ్ళీ సీసాలోకే వంపేశాను, ఈ సరుకులో చుక్క కూడా పారబోయబుద్ధి కాదు.

హైడ్రోమీటర్ లేనివాళ్ళకి ఇంకా సులువైనది ఉంది. రెండు చుక్కలు అరచేతుల్లో వేసుకుని రుద్దుకోండి. ఆల్కహాల్ ఎగిరిపోయాక చెయ్యి జిగురుగా ఉందంటే తీపి కలిసింది. నా చేతులు పొడిగా మిగిలాయి, ఆ పొడి చేతుల వాసనే మొలాసిస్‌కి అన్నిటికన్నా దగ్గరగా వచ్చింది. గ్లాసులో దొరకని బెల్లం అరచేతిలో దొరకడం నాకు చాలా సంతోషమనిపించింది.

ఒక అసంతృప్తి కూడా చెప్పాలి. ఈ పీపా స్కాట్లాండ్‌లో పెరిగింది, గయానాలో కాదు. చల్లటి దేశంలో పీపాలోంచి ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతుంది, కరీబియన్ ఎండల్లో ఇది 6 నుంచి 8 శాతం, ఒక్కోచోట ఇంకా ఎక్కువ. ఏడాదికి 7 శాతం చొప్పున పోతే పన్నెండేళ్ళకి పీపాలో సగం కూడా మిగలదు, 42 శాతం దగ్గర ఆగుతుంది. స్కాట్లాండ్‌లో 78 శాతం మిగులుతుంది. లెక్క చూస్తే వ్యాపారులు పీపాల్ని ఎందుకు ఓడెక్కిస్తారో తెలిసిపోతుంది. వేడిలో చెక్కతో కలయిక కూడా వేగంగా జరుగుతుంది కాబట్టి అక్కడ పెరిగిన సరుకు నల్లగా, చిక్కగా, ఎండు ఖర్జూరం దారిలో వెళ్తుంది. ఇక్కడ పెరిగింది లేతగా ఉంటుంది, బట్టీ స్వభావం ముసుగు లేకుండా కనబడుతుంది. ఇటలీలోని జెనోవాలో వెలియే కంపెనీ నడిపే లూకా గర్గానో, గయానాలోనే పెరిగిన పీపాల్ని ఎంచి, సంవత్సరమూ గుర్తూ రాసి అమ్మడం మొదలుపెట్టాకే రమ్ ఎక్కడ పెరిగిందన్న ప్రశ్న చాలామంది అడగడం మొదలైంది. ట్రినిడాడ్‌లో 2003లో మూతపడ్డ కరోని డిస్టిలరీ నిల్వల్ని లోకానికి చూపించిందీ ఆయనే. ఆ పాత సీసాల ధరలు ఇప్పుడు వేలంలో నాబోటి వాళ్ళకి అందవు.

డబ్బులో ఎక్కువ వాటా ఎక్కడ చేరుతుందన్నది కూడా ఇందులోనే ఉంది. పీపా చిన్నప్పుడే పెద్దమొత్తంలో అమ్ముడైతే, పన్నెండేళ్ళ వయసు తెచ్చిన విలువ యూరప్ గోదాముకి పోతుంది, చెరకు పండించిన దేశానికి కాదు. ఇష్టంగా తాగుతూనే నాకు మింగుడుపడని సంగతి ఇది. తర్వాతి సీసా గయానాలో పెరిగి, అక్కడి కంపెనీయే సీసాలో నింపిన పోర్ట్ మోరాంట్ కావాలని నిర్ణయించుకున్నాను. ఆ బట్టీ సరుకు అసలు ఎండలో ఎలా మారుతుందో పక్కపక్కన పెట్టి చూడాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నా సలహా, సీసా కొనకండి. 30 మిల్లీలీటర్ల శాంపిల్స్ రెండు మూడు తీసుకోండి, ఒకటి గయానా, ఒకటి జమైకా, ఒకటి బార్బడోస్. జమైకాలో హాంప్‌డెన్ లాంటి డిస్టిలరీల సరుకు మళ్ళీ వేరే లోకం, మగ్గిన అనాస, పండిపోయిన అరటి వాసనలతో ముక్కు అదిరిపోతుంది. ఒక పూట ఒక్కటే చూడండి. కడుపులో అన్నం పడ్డాక గంట ఆగి, పక్కన మామూలు నీళ్ళు పెట్టుకుని కూర్చోండి. అనిపించింది అనిపించినట్టు తెలుగులోనే రాసుకోండి. ఇంగ్లీషు రివ్యూల్లో ఉండే పండ్ల పేర్లు సగం మనం తిన్నవి కావు, మన వంటింట్లో ఉన్న వాసనలు వాళ్ళ పుస్తకాల్లో లేవు. మాగాయ ఊట అని నేను రాసుకున్న చోట వాళ్ళు ఆలివ్ ఊట అని రాశారు, రెండూ ఒకటే ఉప్పు.

నా సీసాలో ఇప్పుడు మూడోవంతు మిగిలింది. సీసా ఖాళీ అయ్యేకొద్దీ లోపల గాలి పెరిగి రుచి మెత్తబడుతుంది కాబట్టి దాన్ని చిన్న సీసాల్లోకి మార్చి మూతలు బిగించాను. ఒకటి బావకి ఇచ్చాను. తన లఫ్రోయిగ్ అనే ఐలా విస్కీ పక్కన పెట్టి చూస్తాడట. తారు మాత్రం తనకింకా ఎక్కువే అనిపిస్తోందని నిన్న ఫోన్‌లో చెప్పాడు. నీళ్ళు ఇంకో రెండు చుక్కలు పొయ్యమన్నాను.